4కె డిస్కులకి మారడం దండగా? గోడ నిండా డీవీడీలు ఉన్నవాడి గోడు

#1 పాతరీలు

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ చదవడమే తప్ప రాసింది తక్కువ. ఈసారి రాయక తప్పలేదు.

మా ఇంట్లో ఒక గోడంతా డీవీడీలే. మొన్న లెక్కపెడితే 340 చిల్లర తేలాయి. వాటి పక్కన అరవై దాకా బ్లూరేలు. అటక మీద రెండు అట్టపెట్టెల వీసీడీలు కూడా ఉన్నాయి. వాటిని పారేయమని మా ఆవిడ అడగడం మానేసి చాలా ఏళ్లయింది. పోయిన నెల పాత టీవీ చచ్చిపోయి, 55 అంగుళాల 4కె టీవీ వచ్చింది. అప్పట్నుంచి మనసు ఊరుకోవడం లేదు. 4కె డిస్క్ ప్లేయర్ కొని, ఇష్టమైన సినిమాలన్నీ మళ్లీ ఆ డిస్కుల్లో తెచ్చుకోవాలా? ఉన్నవాటితో సర్దుకోవాలా?

ఒకే సినిమాని వీసీడీలో కొన్నాను, డీవీడీలో కొన్నాను, బ్లూరేలో కొన్నాను. ఇది నాలుగోసారి. కొన్న ప్రతిసారీ ఇంతకంటే బాగా ఇంట్లో చూడడం జరగని పని అనుకున్నాను. డీవీడీ నుంచి బ్లూరేకి వెళ్లినప్పుడు తేడా కొట్టొచ్చినట్టు కనబడింది, అది ఒప్పుకుంటాను. ఈసారి కూడా అంత ఉంటుందా? సోఫా టీవీకి 9 అడుగుల దూరం. సౌండ్‌బార్ ఒకటుంది, అంతే.

#2 నీలికిరణం

కొనేయండి గురూ, ఆలోచించకండి. నేను 2016లో ఈ డిస్కులు మొదలైన ఏడాదే మారాను, ఒక్కరోజు కూడా పశ్చాత్తాపపడలేదు. బ్లూరేలో 50 జీబీ, ఇందులో 100 జీబీ వరకు. వీడియోకి బ్లూరేలో గరిష్ఠం సెకనుకి 40 మెగాబిట్లు అయితే, ఇక్కడ డిస్క్ మొత్తం 128 దాకా వెళ్లగలదు. పైగా వాడేది హెచ్‌ఈవీసీ అనే కొత్త కుదింపు పద్ధతి, అంటే అదే డేటాలో ఇంకా ఎక్కువ బొమ్మ ఇమిడిపోతుంది. బొమ్మలో చుక్కలు (పిక్సెళ్లు) బ్లూరే కంటే నాలుగు రెట్లు. ఇంకేం కావాలి?

#3 లెక్కలమాస్టారు

చుక్కలు నాలుగు రెట్లే, కాదనను. కన్ను నాలుగు రెట్లు అవ్వదు కదా నీలికిరణం గారూ.

పాతరీలు గారి గదికే లెక్క వేద్దాం. మామూలు మంచి చూపు ఉన్నవాళ్లు ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం వరకు రెండు చుక్కల్ని విడదీసి చూడగలరు. 55 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 122 సెంటీమీటర్లు. బ్లూరేలో ఉండే 1080 గీతల బొమ్మలో అడ్డంగా 1920 చుక్కలు, అంటే ఒక్కోటి 0.63 మిల్లీమీటర్లు. ఆ చుక్క కంటికి విడిగా ఆనడం ఆగిపోయే దూరం దాదాపు 7 అడుగులు. సోఫా 9 అడుగుల్లో ఉంది. అంటే బ్లూరేలో ఉన్న వివరమే ఆయన కంటికి పూర్తిగా చేరడం లేదు. 4కె చుక్కలు మొత్తం కంటికి అందాలంటే మూడున్నర అడుగుల్లో కూర్చోవాలి. టీవీ మీద దుమ్ము తుడిచేటప్పుడు తప్ప అంత దగ్గరికి ఎవరూ వెళ్లరు.

ఇదే లెక్క 576 గీతల డీవీడీకి వేస్తే 13 అడుగులు దాటుతుంది. అందుకే డీవీడీ నుంచి బ్లూరేకి వెళ్లినప్పుడు గదిలో ఏ మూల కూర్చున్నవాడికైనా తేడా తెలిసింది. ఈసారి అలా ఉండదు. 120 అంగుళాల తెర ఉన్నవాళ్ల సంగతి వేరు. అక్కడ 1080 చుక్కలు 15 అడుగుల నుంచే కనబడతాయి.

#4 నీలికిరణం

మాస్టారూ, మీ లెక్క తప్పని అనను. కానీ ఆ లెక్కలో లేనిదే అసలు సరుకు. 4కె డిస్కులో నేను చూసేది 4కె కాదు, హెచ్‌డీఆర్, అంటే వెలుగునీ చీకటినీ రంగుల్నీ ఇంకా ఎక్కువ మెట్లలో చూపించే పద్ధతి. పోయిన పోస్టులో చుక్కల గురించి ఊదరగొట్టింది నేనే, నా తప్పే.

బ్లూరేలో ఒక్కో రంగుకి 256 మెట్లు, ఇక్కడ 1024. సాయంత్రం ఆకాశం ఉన్న షాట్ చూడండి. పాత డిస్కులో నారింజ నుంచి నీలంలోకి వెళ్లే చోట పట్టీలు పట్టీలుగా విరుగుతుంది, ఇక్కడ సాఫీగా జారుతుంది. ఇక వెలుగు. మామూలు వీడియోని 100 నిట్ల (నిట్ అంటే తెర వెలుగుకి కొలత) తెల్లదనాన్ని దృష్టిలో పెట్టుకుని తయారుచేస్తారు. హెచ్‌డీఆర్ డిస్కుల్ని 1000 నిట్లకీ, కొన్నిటిని 4000కీ గ్రేడ్ చేస్తారు, అంటే రంగులూ వెలుగూ సర్దుతారు. అంటే తెర మొత్తం కళ్లు జిగేల్మనేలా మండుతుందని కాదు. దీపం మాత్రమే దీపంలా వెలుగుతుంది, దాని పక్కన ఉన్న గోడ గోడలాగే ఉంటుంది. పాత పద్ధతిలో రెండూ ఒకే తెల్లటి ముద్ద.

ఇది 9 అడుగుల నుంచైనా, 19 అడుగుల నుంచైనా కనిపిస్తుంది. కళ్లజోడు మర్చిపోయినా కనిపిస్తుంది.

#5 అడ్డప్రశ్న

నాదో అడ్డప్రశ్న. ఇదంతా స్ట్రీమింగ్‌లో కూడా ఉంది కదా? 4కె ఉంది, హెచ్‌డీఆర్ ఉంది, అందులోనే ఇంకో రకమైన డాల్బీ విజన్ కూడా ఉంది. లేచి డిస్క్ మార్చక్కర్లేదు, గోడ అక్కర్లేదు. రోజూ కొత్త సినిమా చూసేవాడు ఒక్క సినిమాకి ఒక్క పెట్టె దాచుకోవడం ఏమిటో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

#6 చెవులపిల్లి

అడ్డప్రశ్న గారూ, డబ్బా మీద రాసింది ఒకటే కానీ లోపల ఉన్నది ఒకటి కాదు. నెట్‌ఫ్లిక్స్ 4కెకి సెకనుకి 15 మెగాబిట్ల నెట్ ఉంటే చాలంటుంది. ఆ లెక్కన రెండు గంటల సినిమాకి పదమూడున్నర జీబీ. డిస్కులో సగటున 60 పడిందనుకుంటే అదే సినిమా 54 జీబీ. పొగ, వాన, కాగితం ముక్కలు గాల్లో ఎగిరే సీన్లు పెట్టి చూడండి, ఎక్కడ నలుగుతుందో తెలిసిపోతుంది. ముఖాలు మాట్లాడుకునే సీన్లలో మాత్రం నాకూ తేడా తెలియదు, అబద్ధం ఎందుకు.

నాకు పెద్ద తేడా చెవిలో. స్ట్రీమింగ్‌లో అట్మాస్ (తల పైనుంచి కూడా శబ్దం వినిపించే పద్ధతి) వస్తుంది కానీ డాల్బీ డిజిటల్ ప్లస్ మీద, అంటే నొక్కి కుదించిన శబ్దం. డిస్కులో ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో. మిక్సింగ్ గదిలో ఉన్న శబ్దమే ఒక్క బిట్ పోకుండా వస్తుంది. కాకపోతే ఇవి బ్లూరేలోనూ ఉన్నాయి. సౌండ్ కోసమే 4కెకి మారాలనుకునేవాళ్లు ముందు తమ దగ్గరున్న బ్లూరేని సరైన స్పీకర్ల మీద విని చూడాలి. సౌండ్‌బార్ అన్నారు కాబట్టి పాతరీలు గారికి ఈ పాయింట్ సగమే వర్తిస్తుంది. సారీ.

#7 తాతకాలం

పిల్లలూ, కాస్త జరగండి. కాలిన చేతులవాడిని నేనున్నాను.

2006లో రెండు ఫార్మాట్లు కొట్టుకుంటున్నాయి. అటు బ్లూరే, ఇటు హెచ్‌డీ డీవీడీ. రెండిట్లోనూ 405 నానోమీటర్ల నీలి లేజరే. హెచ్‌డీ డీవీడీ రెండు పొరల్లో 30 జీబీ, బ్లూరే 50. తోషిబా వెనకాల ఉంది కదా, పేరులో డీవీడీ కూడా ఉంది కదా, జనానికి తెలిసిన పేరే గెలుస్తుందని నా తెలివి. ప్లేయర్ కొన్నాను, ఇరవై ఆరు డిస్కులు కొన్నాను. 2008 జనవరిలో వార్నర్ స్టూడియో బ్లూరే వైపు వెళ్తున్నానంది. ఫిబ్రవరిలో తోషిబా చేతులెత్తేసింది. నా ఇరవై ఆరో డిస్క్ ప్లాస్టిక్ కవరు అప్పటికి ఇంకా చింపలేదు. ఇప్పటికీ చింపలేదు. అలాగే ఉంచాను, బుద్ధి గుర్తుండడానికి.

ఈ 4కె డిస్కుకి ఎదురుగా ఇంకో డిస్క్ లేదు, ఆ భయం వద్దు. భయమల్లా అసలు డిస్కులే ఉంటాయా అని. ఒప్పో 2018లో ప్లేయర్లు ఆపేసింది. 2019లో శాంసంగ్ అమెరికాలో కొత్త ప్లేయర్లు తేనంది. నెట్‌ఫ్లిక్స్ పోస్టులో డీవీడీలు పంపడం 2023 సెప్టెంబరులో మానేసింది.

#8 అడ్డప్రశ్న

చూశారా. పైగా 2025లో సోనీ కూడా బ్లూరే డిస్కుల తయారీ ఆపేసింది. ఇంకా ఎవరు మిగిలారు?

#9 తాతకాలం

కంగారు పడకు నాయనా. సోనీ ఆపింది ఖాళీ డిస్కులు, అంటే మనం ఇంట్లో రికార్డు చేసుకునేవి. సినిమా అచ్చేసి అమ్మే డిస్కులు కావు. ఆ వార్త వచ్చిన రోజున నాకు నలుగురు ఫోన్ చేశారు, నలుగురికీ ఇదే చెప్పాను.

డిస్క్ చచ్చిపోదు, బక్కచిక్కుతుంది. ఎల్‌పీ రికార్డుల్లాగా కొద్దిమంది కోసం కొద్దిగా వస్తుంటాయి. అందుకే నా సలహా, డిస్కుల కంటే ముందు ప్లేయర్ గురించి ఆలోచించండి. డిస్క్ అరలో ఎన్నేళ్లైనా పడి ఉంటుంది, తిప్పే మిషనే రేపు దొరకదు. నా హెచ్‌డీ డీవీడీ ప్లేయర్ ట్రే ఇప్పుడు కింద గోరు పెట్టి లాగితే గానీ రావట్లేదు.

#10 ఇసుకరేణువు

నేను ఫిల్మ్ స్కానింగ్ పనిలో కొన్నేళ్లు ఉన్నాను కాబట్టి వేరే వైపు నుంచి చెబుతాను. ఏ ఫార్మాట్ అన్నది కాదు, ఏ సినిమా అన్నది చూడండి.

35 ఎంఎం నెగెటివ్ మీద తీసిన సినిమాని నెగెటివ్ నుంచే 4కెలో స్కాన్ చేస్తే, అందులో బ్లూరే చూపించలేకపోయిన వివరం నిజంగానే ఉంటుంది. అరవై ఏళ్ల కిందటి సినిమా కూడా నిన్న తీసినట్టు కనిపించేది అందుకే. తమాషా ఏమిటంటే, డిజిటల్ వచ్చిన కొత్తల్లోని సినిమాలే ఇక్కడ వెనకబడ్డాయి. 2000 తర్వాత చాలా ఏళ్లు గ్రాఫిక్స్, రంగుల పని అంతా 2కెలో చేశారు. 2కె అంటే అడ్డంగా 2048 చుక్కలు, బ్లూరే కంటే పిసరంత ఎక్కువ. ఫైనల్ మాస్టరే (డిస్కులకి మూలమైన కాపీ) అంత ఉన్నప్పుడు 4కె డిస్కులోకి ఎక్కించేది సాగదీసిన బొమ్మే. దానికి హెచ్‌డీఆర్ లాభం ఉంటుంది, వివరం లాభం ఉండదు. కాబట్టి పెట్టె మీద 4కె అని ఉందా అని కాదు, మాస్టర్ ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి.

ఇంకోటి, గ్రెయిన్. ఫిల్మ్ మీద రేణువులుంటాయి. బొమ్మ అంటేనే ఆ రేణువులు. కొందరు దాన్ని దుమ్ము అనుకుని సాఫ్ట్‌వేర్‌తో తుడిచేస్తారు. గ్రెయిన్‌తో పాటు చర్మం మీద ముడతలు, చొక్కా నేత, గోడ మీద పెచ్చులు అన్నీ పోతాయి. మిగిలేది మైనపు బొమ్మ. అలా తుడిచేసిన 4కె డిస్క్ కంటే తుడవని పాత బ్లూరే వంద రెట్లు నయం. నేను ఒక నటుడి చెంప మీద మచ్చ మూడు కాపీల్లో ఉండి నాలుగోదాంట్లో మాయమవడం చూశాను. పెద్ద తెర మీద ఆ రీలు నడుస్తుంటే గదిలో ఎవరూ మాట్లాడలేదు, చివరికి నేనే ఆపి వెనక్కి తిప్పమన్నాను. మళ్లీ మొదటినుంచి చేశాం.

కాబట్టి పాతరీలు గారూ, మీ 340లో ఫిల్మ్ మీద తీసినవి, మంచి స్కాన్ వచ్చినవి ఏవో తేల్చుకోండి. అరలో పావు వంతు కూడా తేలవు.

#11 పాతరీలు

ఇంత విషయం ఉందని అనుకోలేదు. అందరికీ థాంక్స్. ఇసుకరేణువు గారూ, ఆ మచ్చ సంగతి చదివాక నిన్న రాత్రి నా బ్లూరేల్లో అందరి చెంపలూ చూస్తూ కూర్చున్నాను.

మా బావమరిది దగ్గర 4కె ప్లేయర్ ఉంది. వారం పాటు ఇస్తానన్నాడు, రెండు డిస్కులు కూడా. రెండు సినిమాలూ నా దగ్గర బ్లూరేలో ఉన్నవే. పక్కపక్కన పెట్టి చూసి చెబుతాను. తగిలించే ముందు చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

#12 వైర్లగుట్ట

ఉన్నాయి సార్. ఇళ్లకి వెళ్లి హోమ్ థియేటర్లు బిగించేవాడిని. "4కె కొన్నాను, ఏం తేడా లేదు" అని నన్ను పిలిచే ఇళ్లలో సగం చోట్ల తప్పు డిస్కుది కాదు, మెనూది.

మొదట టీవీ సెట్టింగుల్లోకి వెళ్లి, ప్లేయర్ పెట్టిన హెచ్‌డీఎంఐ పోర్టుకి పూర్తి సిగ్నల్ తీసుకునే ఆప్షన్ ఆన్ చేయండి. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టింది, మెరుగైన ఫార్మాట్ అనో, అల్ట్రా హెచ్‌డీ కలర్ అనో ఉంటుంది. చాలా టీవీల్లో అది ఆఫ్‌లో వస్తుంది. ఆఫ్‌లో ఉంటే ప్లేయర్ నోరు మూసుకుని మామూలు సిగ్నల్ పంపేస్తుంది, మీకు తెలియను కూడా తెలియదు. డిస్క్ మొదలవగానే మూలన హెచ్‌డీఆర్ అని గుర్తు రావాలి. రాలేదంటే ఆగండి, ముందుకెళ్లకండి.

కేబులు సెకనుకి 18 గిగాబిట్లు మోయగలిగేది ఉండాలి. డ్రాయర్లో పదేళ్లుగా చుట్టి ఉన్నది వద్దు. నల్ల తెర వచ్చి పోతుంటే, చుక్కలు మెరుస్తుంటే తొంభై శాతం కేబులే.

సౌండ్‌బార్ ఏఆర్‌సీ (టీవీ నుంచి సౌండ్‌బార్‌కి హెచ్‌డీఎంఐ మీదే శబ్దం పంపే దారి) మీద ఉందా, దాని కొత్త రకం ఈ-ఏఆర్‌సీ మీదా? మామూలు ఏఆర్‌సీలో ట్రూహెచ్‌డీ పట్టదు, కుదించిన శబ్దమే వెళ్తుంది. పాత ఆంప్లిఫయర్ ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు. అందులో హెచ్‌డీసీపీ 2.2 (కాపీ కాకుండా ఆపే తాళం) లేకపోతే దాని గుండా 4కె బొమ్మ దాటదు. రెండు హెచ్‌డీఎంఐ పోర్టులున్న ప్లేయర్ తీసుకుంటే ఒకటి టీవీకి, ఒకటి సౌండుకి ఇచ్చుకోవచ్చు.

చివరిది. ఆ "మోషన్ స్మూత్" ఏదైతే ఉందో, లేని ఫ్రేములు మధ్యలో ఇరికించి కదలికని జారుడుగా చేసేది, దాన్ని చంపేయండి. సినిమా తీసినవాళ్లు అనుకున్నట్టే చూపించే ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అందులో పెట్టి మర్చిపోండి.

#13 నిశ్శబ్దపాఠకురాలు

మూడేళ్లుగా చదువుతున్నాను, ఇదే మొదటి పోస్ట్. అందరూ లాభాలే చెబుతున్నారు, నాకు జరిగింది కూడా చెప్పాలనిపించింది.

నాది తక్కువ రకం 4కె టీవీ. పెట్టె మీద హెచ్‌డీఆర్ అని పెద్ద అక్షరాలు. 4కె డిస్క్ పెడితే బొమ్మ చీకటిగా వచ్చింది. ముఖాలు కూడా మసకే. కర్టెన్లు వేసి, లైట్లు ఆపి చూసినా అంతే. అదే సినిమా బ్లూరే పెడితే హాయిగా ఉంది. నా కళ్లే పాడయ్యాయనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆ టీవీ హెచ్‌డీఆర్ సిగ్నల్‌ని తీసుకుంటుందే కానీ చూపించేంత వెలుగు దాని దగ్గర లేదు. 1000 నిట్లకి చేసిన బొమ్మని 300లోకి కుదించాలి, ఆ కుదింపు దానికి సరిగా రాదు.

ఇంకా సబ్‌టైటిల్స్. చీకటి సీన్లో తెల్లటి అక్షరాలు టార్చిలైట్ కొట్టినట్టు వచ్చేవి. నేను సబ్‌టైటిల్స్ లేకుండా చూడలేను. అరగంటకే కళ్లు లాగేసేవి. ప్లేయర్ అమ్మేసి మళ్లీ బ్లూరేకి వచ్చేశాను. బాధేం లేదు.

#14 నీలికిరణం

మీరు చెప్పింది నిజమే అమ్మా. నా టీవీ ఓలెడ్, నల్లటి చోట చుక్క పూర్తిగా ఆరిపోతుంది కాబట్టి తక్కువ నిట్లలోనే ఆ తేడా తెలుస్తుంది. అందరి దగ్గరా అదే ఉంటుందనుకుని మాట్లాడాను. నేను మొదటి పోస్టులో "ఆలోచించకండి" అన్నాను చూడండి, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. టీవీ చూసి ఆలోచించండి. ప్రొజెక్టర్ వాళ్లయితే ఇంకా జాగ్రత్త. మాస్టారు చెప్పినట్టు చుక్కల లాభం వాళ్లకే ఎక్కువ, వెలుగు లాభం వాళ్లకే తక్కువ.

సబ్‌టైటిల్స్‌కి మందుంది. కొన్ని ప్లేయర్లలో వాటి వెలుగు విడిగా తగ్గించుకోవచ్చు. కొనే ముందు ఆ ఆప్షన్ ఉందో లేదో అడగాలి.

#15 కొత్తకెరటం

మధ్యలో వస్తున్నా, సారీ. విడిగా ప్లేయర్ ఎందుకు, కంప్యూటర్‌కి డ్రైవ్ పెట్టుకుంటే అవ్వదా? అలాగే డిస్కులోంచి ఫైల్ లాగేసి హార్డ్‌డిస్క్‌లో...

#16 వైర్లగుట్ట

తమ్ముడూ, మొదటిదానికి జవాబు, అధికారికంగా దాదాపు అవ్వదు. దానికి ఇంటెల్ ప్రాసెసర్‌లో ఎస్‌జీఎక్స్ అనే భద్రతా ఏర్పాటు ఉండాలన్నారు. 11వ తరం కోర్ ప్రాసెసర్ల నుంచి ఇంటెల్ దాన్నే తీసేసింది. అంటే పాత కంప్యూటర్లో ఆడిన డిస్క్ కొత్త కంప్యూటర్లో ఆడదు. డబ్బులు పెట్టి కొన్నవాడికే తాళం, అదీ మన అదృష్టం. గేమ్ మిషన్ ఏదైనా ఉందా? డిస్క్ ట్రే ఉన్న పీఎస్5 4కె డిస్కులు ఆడిస్తుంది, డాల్బీ విజన్ మాత్రం ఉండదు. పీఎస్4 ప్రో పేరులో ప్రో ఉంది కానీ 4కె డిస్క్ ఆడించదు, దానికోసం పప్పులో కాలేయకు.

#17 కాపలాదారు

రెండో ప్రశ్నకి ఇక్కడ జవాబులు వద్దు. తాళాలు తీసే చర్చ వేదిక నియమాలకి విరుద్ధం. ఆ భాగం ఇంతటితో ఆపి అసలు విషయంలోకి రండి.

#18 లెక్కలమాస్టారు

వస్తున్నాం. పాతరీలు గారూ, పరీక్ష పెట్టేటప్పుడు డీవీడీ కూడా ఒకటి కలపండి. పాల్ (మన దేశంలో వాడిన టీవీ పద్ధతి) డీవీడీ అయితే ఒక వింత గమనిస్తారు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, పాల్ వీడియో 25. అందుకని సినిమాని 4 శాతం వేగంగా పరిగెత్తించేవారు. 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లో అయిపోతుంది. సర్దకుండా వదిలేసిన డిస్కుల్లో గొంతులు కూడా పిసరంత సన్నబడతాయి. నాకు చాలా ఏళ్లు ఒక పాట డీవీడీ శ్రుతిలోనే తలకెక్కిపోయి, బ్లూరేలో వినగానే ఎవరో తప్పు పాడుతున్నారనిపించింది. పిక్చర్ అటుంచి, ఈ ఒక్క కారణానికైనా బ్లూరే మేలు. బ్లూరేలో, 4కెలో సినిమా 24 ఫ్రేముల్లోనే ఉంటుంది.

#19 చెవులపిల్లి

మాస్టారూ, ఇన్నాళ్లూ నేను ఒక్కడినే పిచ్చివాణ్ణనుకున్నా.

#20 పాతరీలు

పరీక్ష అయింది. వారం అనుకున్నది పది రోజులైంది, బావమరిది ఏమీ అనలేదు. చూసింది చూసినట్టు చెబుతాను.

వైర్లగుట్ట గారు చెప్పకపోయి ఉంటే మొదటి రోజే "తేడా లేదు" అని ఇక్కడ రాసేసేవాడిని. టీవీలో ఆ పోర్టు ఆప్షన్ ఆఫ్‌లోనే ఉంది. ఆన్ చేశాక మూలన హెచ్‌డీఆర్ గుర్తు వచ్చింది.

మొదటి డిస్క్ పాత సినిమా, ఫిల్మ్ మీద తీసింది. అందులో రాత్రి సీను ఒకటుంది. వాన వెలిసిన రోడ్డు, ఒకే ఒక్క వీధి దీపం, నల్ల కోటు వేసుకున్న మనిషి గోడకి ఆనుకుని సిగరెట్ కాలుస్తుంటాడు. డీవీడీలో అక్కడ మనిషి ఉన్నాడని సిగరెట్‌ని బట్టి తెలిసేది. బ్లూరేలో మనిషి తెలుస్తాడు, కోటు మాత్రం ఒకే నల్ల ముద్ద. 4కెలో కోటుకి మోచేతి దగ్గర మడతలున్నాయి. తడిసిన భుజం ఒక నలుపు, తడవని ఛాతీ ఇంకో నలుపు. దమ్ము లాగినప్పుడు నిప్పు ఎర్రబడి, ఆ ఎరుపు ఒక్క క్షణం గడ్డం కింద పడుతుంది. ఇరవై ఏళ్లుగా చూస్తున్న సినిమా ఇది. ఆ ఎరుపు నేనెప్పుడూ చూడలేదు. సోఫా 9 అడుగుల్లోనే ఉంది మాస్టారూ, జరపలేదు.

రెండో డిస్క్ 2000 తర్వాతిది, గ్రాఫిక్స్ సినిమా. రెండు టీవీ ఇన్‌పుట్‌ల మధ్య పదిసార్లు అటూ ఇటూ మార్చాను. పేలుళ్లు కొంచెం వెలుగు, అంతే. మా అబ్బాయిని పిలిచి ఏది ఏదో చెప్పకుండా అడిగాను. మూడుసార్లు అడిగితే రెండుసార్లు బ్లూరేనే బాగుందన్నాడు. ఇసుకరేణువు గారి మాట అక్షరాలా నిజమైంది.

ఒక చిక్కు. మొదటి డిస్క్ గంటా పన్నెండు నిమిషాల దగ్గర ఠక్కున ఆగిపోయింది. బొమ్మ గడ్డకట్టింది, రిమోట్ పని చేయలేదు. ప్లగ్ పీకి మళ్లీ పెట్టాల్సి వచ్చింది. మళ్లీ అక్కడే ఆగింది. గీత ఒక్కటి కూడా లేదు. డిస్కులు ఇంత సున్నితమైతే ఎలా?

#21 వైర్లగుట్ట

వెలుగులో వాల్చి చూశారా? వేలిముద్ర ఉంటుంది చూడండి.

డీవీడీలో డేటా పొర డిస్క్ మందంలో మధ్యన, 0.6 మిల్లీమీటర్ల లోతులో ఉంటుంది. బ్లూరే, 4కెల్లో పైతలానికి 0.1 మిల్లీమీటరు కిందే. పైన గట్టి పూత ఉంటుంది కాబట్టి గీతలు త్వరగా పడవు, కానీ జిడ్డు మరక లేజర్‌కి అడ్డం వస్తుంది. పైగా 100 జీబీ డిస్కులో మూడు పొరలు, ఒక్కోటి 33 జీబీ. ఒక పొర నుంచి ఇంకో పొరకి మారే చోట చిన్న మరక ఉన్నా తడబడుతుంది. మీది ఆగింది సరిగ్గా అలాంటి చోటేమో. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో నడిమి నుంచి అంచుకి తిన్నగా తుడవండి. గుండ్రంగా తిప్పి తుడవద్దు.

#22 పాతరీలు

వేలిముద్రే. బొటనవేలు, స్పష్టంగా గీతలతో సహా. బావమరిదిదో నాదో తేల్చదలచుకోలేదు. తుడిచాక సాఫీగా నడిచింది.

#23 అడ్డప్రశ్న

అదే స్ట్రీమింగ్‌లో అయితే వేలిముద్ర పడదు 🙂

#24 తాతకాలం

పడదు. సినిమాయే ఎత్తేస్తారు. పోయిన ఆదివారం నా జాబితాలో దాచుకున్నది ఈ ఆదివారం లేదు.

#25 అడ్డప్రశ్న

అది నిజమే. నాకూ సగంలో వదిలిన సిరీస్ ఒకటి అలాగే పోయింది. సరే, ఇష్టమైనవి పది సినిమాలుంటే డిస్కులో పెట్టుకోండి, మూడు వందల నలభై మాత్రం నాకు అర్థం కాదు. అక్కడే ఉంటాను.

#26 ఇసుకరేణువు

పాతరీలు గారూ, ఏం తేల్చుకున్నారు మరి?

#27 పాతరీలు

ప్లేయర్ కొంటున్నాను. తాతకాలం గారి మాట మీద, దొరుకుతున్నప్పుడే. ఎటూ అది నా బ్లూరేలూ డీవీడీలూ ఆడిస్తుంది, గోడ అలాగే ఉంటుంది. 4కె డిస్కులకి ప్రాంతం కోడ్ (ఒక ప్రాంతం డిస్క్ ఇంకో ప్రాంతం ప్లేయర్లో ఆడకుండా పెట్టే తాళం) లేదు కాబట్టి ఎక్కడి డిస్కైనా ఆడుతుందని బావమరిది చెప్పాడు. పాత డిస్కులకి ఆ గొడవ తప్పదనుకోండి.

డిస్కులు మాత్రం ఎడాపెడా కొనను. నిన్న కూర్చుని జాబితా రాశాను. మూడుసార్లకి మించి చూసినవి, ఫిల్మ్ మీద తీసినవి, నెగెటివ్ నుంచి కొత్తగా స్కాన్ చేసినవి. ఈ మూడూ కలిసినవి పదకొండు తేలాయి. అందులో రెండు గ్రెయిన్ తుడిచేసినవని చదివి కొట్టేశాను. తొమ్మిది. బ్లూరే కూడా రానివి డీవీడీలోనే ఉంటాయి.

నిన్న రాత్రి అదే ప్లేయర్లో అమ్మ కోసం ఒక నలుపు తెలుపు డీవీడీ పెట్టాను. సాగదీసిన బొమ్మ, అంచులు మెత్తగా ఉన్నాయి, చెప్పాలంటే ఏమంత బాగాలేదు. అమ్మ కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. పాటలన్నీ ముందే పాడేస్తూ చూసింది. నేను మధ్యలో "దీని బ్లూరే ఉందేమో వెతకనా అమ్మా" అంటే "ష్" అంది.

#28 నిశ్శబ్దపాఠకురాలు

పాతరీలు గారూ, ఆ ప్లేయర్లో సబ్‌టైటిల్స్ వెలుగు తగ్గించే ఆప్షన్ ఉందా? ఉంటే ఏ మెనూలో ఉందో చెబుతారా? టీవీ మార్చే ఆలోచనలో ఉన్నాం. ఊరికే అడుగుతున్నాను, కొంటానని కాదు.

#29 పాతరీలు

ఉంది. సినిమా నడుస్తుండగా ఆప్షన్ బటన్ నొక్కితే కింద పట్టీ వస్తుంది, సబ్‌టైటిల్ సెట్టింగుల్లో వెలుగు అని ఉంది. నేను బాగా కిందికి దించి పెట్టుకున్నాను, రాత్రి సీన్లలో కూడా కళ్లు లాగలేదు. ప్లేయర్ని బట్టి మెనూ మారుతుందేమో, మీరు చూసే మోడల్ ఏదో చెప్పండి.

#30 నీలికిరణం

కొంటానని కాదు అన్నారు కదా, మోడల్ నేను చెబుతా ఉండండి.